మా హాల్లో జరగని మ్యాచ్

1984 అక్టోబరు 4, గురువారం

పొద్దున పాలగిన్నె మూత ఊడి రాలేదు. అంచు చుట్టూ బంక గట్టిపడి ఉంది. నిన్న నేను లైబ్రరీలో ఉండగా నాన్న మళ్లీ పాలగిన్నెలోనే బంక కాచాడు. పైన్ చెట్టు బంక, రెండు చెంచాల నూనె, సన్నని మంట. శనివారం హ్యాండ్‌బాల్ మ్యాచ్‌కి ఆటగాళ్లు వేళ్లకి రాసుకోవడానికి ఒక డబ్బా.

"ఒరేయ్ వెనాన్సియో, ఈ ఇంట్లో పాలు తాగుతుంటే చెట్టు నాకినట్టుంటోందిరా" అంది రొమువాల్దా అత్త.

"చేతికి అంటుకోకపోతే బంతి గోల్లోకి పోదే అక్కా."

"నీ ఆటగాళ్లు తలుపు గొళ్లేలకి కూడా అంటుకుపోతున్నారు. నిన్న ఆ కార్మెలో నాతో చెయ్యి కలిపాడు, విడిపించుకునేసరికి నా ఉంగరం వాడి చేతికి పోయింది."

నాన్న నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారింది.

లక్సెంబర్గ్ క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఏడాది మావాళ్లు యూరప్ కప్పు ఆడుతున్నారు. మా లోయలో ఇంతకుముందు ఎవరూ ఆడలేదు. నాన్న చేతిలో కలం నిలవడం లేదు కాబట్టి ఇకమీదట ఉత్తరాలు నేనే రాయాలి. కాన్వెంటులో సిస్టర్ క్లోతిల్ద్ నేర్పిన ఫ్రెంచి ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది. ఆవిడ రాసినదాన్ని చూసి రాయించేది. ఏ పేజీ ఆవిడదో, ఏది నాదో చివరికి మదర్ సుపీరియర్ కూడా చెప్పలేకపోయేది.

నాన్న పద్ధతి: ప్రతి ఉత్తరానికీ కార్బన్ కాపీ. కాపీ మీద కుడిపక్క ఎర్ర పెన్సిలుతో నంబరు. నంబరు ఆయనే వేస్తాడు. కింద కార్యదర్శి సంతకం. అది లేని కాగితం క్లబ్బు గడప దాటకూడదు. పద్దెనిమిదేళ్లుగా కార్యదర్శి ఆయనే.

ఈరోజు ఉత్తరం మీద ఆయన సంతకం వణికింది. పోయినేడాది కాపీ ఒకటి తీయించుకుని పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

అక్టోబరు 13, శనివారం

లక్సెంబర్గ్ మీద ఎనిమిది గోల్స్ తేడాతో గెలిచాం. నాన్న కోర్టు పక్కన స్కోరు రాసే బల్ల దగ్గర ఎడమ చివరి కుర్చీలో కూర్చున్నాడు. అది ఆయన కుర్చీ. నేను వెనక నిలబడ్డాను. ఆట మొదలయ్యే ముందు అందరూ వరసగా వచ్చి ఆయన ఒళ్లో ఉన్న డబ్బాలో వేళ్లు ముంచుకుని వెళ్లారు.

"వచ్చేవారం వాళ్ల ఊళ్లో మళ్లీ ఆడాలట. గెలిచారు కదా, మళ్లీ ఎందుకు?" అని అత్త అడిగింది.

"ఒకసారి మన ఇంట్లో, ఒకసారి వాళ్ల ఇంట్లో. రెండిట్లో గోల్స్ కలిపి చూస్తారు" అన్నాడు నాన్న. "ఒక్క ఇంట్లోనే తింటే అది చుట్టరికం ఎలా అవుతుంది?"

అక్టోబరు 21, ఆదివారం

లక్సెంబర్గ్ నుంచి వచ్చాం. తరవాతి అంచెకు వెళ్లాం. అక్కడ ఫ్రెంచిలో మాట్లాడవలసినవన్నీ సిగ్గుతో చస్తూ నేనే మాట్లాడాను. తరవాత స్నానాల గదిలోకి వెళ్లి గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను.

నవంబరు 17, శనివారం

డాక్టరు వచ్చాడు. ఇరవై ఆరేళ్లు ఫౌండ్రీలో పీల్చిన దుమ్మంతా ఊపిరితిత్తుల్లోనే ఉందన్నాడు. మెట్లు దిగవద్దన్నాడు. మాది మూడో అంతస్తు.

నాన్న మెట్ల గురించి ఏమీ అడగలేదు. "జనవరిలో మ్యాచ్‌కి?" అని మాత్రం అడిగాడు.

1985 జనవరి 20, ఆదివారం

నిన్న స్విస్ జట్టుతో మా హాల్లో ఆట. వాళ్ల ఊళ్లో మూడు గోల్స్ తేడాతో ఓడి వచ్చాం. ఇక్కడ అయిదు తేడాతో గెలిచాం, 23-18. సెమీఫైనల్!

నేను కాగితాలు పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. వంటింటి కిటికీ బార్లా తీసి ఉంది. నాన్న దుప్పటి కప్పుకుని దాని పక్కన కూర్చున్నాడు. మా హాలు నదికి అవతలే. అరుపులు ఇక్కడికి వినిపిస్తాయి. అరుపుకొక గీత చొప్పున పాత కాగితం మీద గీసుకున్నాడు.

"ఇరవై రెండు" అన్నాడు నన్ను చూడగానే.

"ఇరవై మూడు, నాన్నా."

గీతలు మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. "ఒకటి నేను దగ్గుతున్నప్పుడు పడినట్టుంది" అన్నాడు.

జనవరి 27, ఆదివారం

ప్రార్థన అయ్యాక కెప్టెన్ కార్మెలో వచ్చాడు. తలుపు సందు ఆయనకు చాలదు, ఓరగా వస్తాడు. అత్త చేతులు వెనక్కి దాచుకుంది.

"మామా, సెమీఫైనల్ కిటికీలోంచి వినేది కాదు. నువ్వు కుర్చీలో కూర్చో, చాలు. నలుగురం మోసుకెళ్తాం."

"మూడంతస్తులురా."

"నువ్వెంత బరువని మామా ఇప్పుడు? మా గోల్‌కీపర్ బ్యాగు నీకంటే బరువు."

"వీడి నోరు చూడండి" అంది అత్త. "జబ్బు మనిషితో మాట్లాడే తీరా ఇది?"

నాన్నకు మాత్రం ఆ మాట ఎంత నచ్చిందో! సాయంత్రం అత్తతో తన కోటు తీయించి ఎండలో వేయించాడు. తరవాత నన్ను పిలిచాడు. "తల్లీ, ఆ ఒక్క మ్యాచ్ నా కుర్చీలో కూర్చుని చూస్తే చాలు. ఆ తరవాత డాక్టరు ఏం చెప్పినా వింటాను."

ఫిబ్రవరి 5, మంగళవారం

చీటీలు తీస్తే సెమీఫైనల్లో మాకు జర్మన్ జట్టు పడింది. రైన్ నది ఒడ్డున పెద్ద ఊరు, పెద్ద క్లబ్బు. నాన్న అట్లాసులో వాళ్ల ఊరు వెతికి దాని మీద వేలు పెట్టి ఉంచాడు. వేలు తీశాక అక్కడ బంక మరక.

ఫిబ్రవరి 7, గురువారం

క్లబ్బు అధ్యక్షుడు సిల్వెస్త్రే గారు ఇంటికి రాలేదు. నేను పనిచేసే లైబ్రరీకి వచ్చారు. ఆయన పుస్తకం తీయడం నేనెప్పుడూ చూడలేదు. ఈరోజు పిల్లల అర దగ్గర నిలబడి ఏనుగుల బొమ్మల పుస్తకం ఒకటి తిరగేశారు.

"గర్బీన్యె, ఇది చదివి పెట్టు."

జర్మన్ల ఉత్తరం, ఫ్రెంచిలో. రెండు మ్యాచ్‌లూ తమ హాల్లోనే, ఒకటి శనివారం, ఒకటి ఆదివారం ఆడదామని అడుగుతున్నారు. ప్రయాణం, బస, భోజనం అంతా తమదే అంటున్నారు. కాగితం మీద మాత్రం ఆదివారం ఆట మాదే, ఆ రోజు మేమే ఇంటివాళ్లం. ఇలా చాలా క్లబ్బులు చేస్తాయట.

"నాన్న ఒప్పుకోరు" అన్నాను. పదేళ్ల కిందట ఇంకేదో పోటీలో ఒక ఫ్రెంచి క్లబ్బు ఇలాగే అడిగితే నాన్న సంతకం పెట్టలేదు. అప్పుడాయన అన్న మాట ఊళ్లో అందరికీ తెలుసు: 'భోజనానికి పిలిచి, మీ ఇంట్లోనే వడ్డించుకోండి అంటామా?'

"అప్పుడు ఫౌండ్రీ వారానికి ఆరు రోజులు నడిచేదమ్మా. ఇప్పుడు మూడు. ఫౌండ్రీ చందా లేకుండా బస్సుకి డబ్బు ఎక్కడ తెస్తాను? ఒప్పుకోకపోతే పోటీ నుంచి తప్పుకోవాలి. ఆ మాట కార్మెలోకి నువ్వు చెబుతావా?"

నేను ఉత్తరం మళ్లీ మడిచాను.

"మీ నాన్నకి నేనే చెబుతాలే" అన్నారు. "నువ్వు ఉత్తరం రాసెయ్. రేపు మధ్యాహ్నానికల్లా పోవాలి." ఏనుగుల పుస్తకం తలకిందులుగా అరలో పెట్టి వెళ్లారు.

ఫిబ్రవరి 8, శుక్రవారం

ఉత్తరం పోస్టులో వేశాను. కాపీ నా ఫ్రెంచి నిఘంటువులో పెట్టాను. సిల్వెస్త్రే గారు నాన్నకి చెప్పాక ఫైల్లో పెట్టవచ్చు. ఫైలు నాన్న మంచం కింద పెట్టెలో ఉంటుంది.

రాయమన్నది ఆయన. నేను రాశాను, అంతే.

ఫిబ్రవరి 9, శనివారం

మంచు పడింది. ఈ చలిలో ఆయన్ని కుర్చీలో మోసుకెళ్లి ఉంటే ఏమయ్యేదో!

ఫిబ్రవరి 10, ఆదివారం

మ్యాచ్ మార్చి చివర్లో కదా, అప్పటికి చలి ఉండదు కదా అని ప్రార్థన మధ్యలో తోచింది. మార్చిలో కూడా ఒక్కోసారి చలిగానే ఉంటుంది.

సిల్వెస్త్రే గారు ఇంకా రాలేదు.

ఫిబ్రవరి 15, శుక్రవారం

పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే నాన్న నిఘంటువు అడిగాడు.

"జర్మన్లు మన హాల్లోకి వచ్చినప్పుడు స్వాగతం చెప్పాలి కదా. నాలుగు ముక్కలు నేనే రాస్తాను. నువ్వు దిద్దుదువుగాని."

దిండు పక్కన పెట్టి, లైబ్రరీ తెరవాలి కాబట్టి వెళ్లిపోయాను. పది దాటాక కార్డులు సర్దుతుంటే కాపీ గుర్తొచ్చింది. మధ్యాహ్నం దాకా కదలడానికి లేదు.

ఇంటికి వెళ్లేసరికి నాన్న పడుకుని ఉన్నాడు. నిఘంటువు మూసి బల్ల మీద ఉంది. కాగితం మీద స్వాగతం రెండు వాక్యాలు రాసి ఆపేశాడు. "అలసిపోయాను" అన్నాడు. నిఘంటువు నా గదిలోకి తెచ్చి పేజీలన్నీ తిప్పాను. కాపీ లేదు. ఇంకెక్కడో పెట్టి మరిచిపోయినట్టున్నాను. లైబ్రరీలో నా సొరుగులో ఉంటుంది.

ఫిబ్రవరి 16, శనివారం

సొరుగులో లేదు. ప్రార్థన పుస్తకంలో లేదు.

ఫిబ్రవరి 24, ఆదివారం

సిల్వెస్త్రే గారు ఇక రారని అర్థమైంది. ఇనుప సామాన్ల కొట్టు ముందు నన్ను చూసి లోపలికి వెళ్లిపోయారు. ఇంక నేనే చెప్పాలి. మధ్యాహ్నం చిక్కుడుగింజల సూపు నాన్న మంచం దగ్గరికి తీసుకెళ్లాను.

"నాన్నా, ఫెడరేషన్ నుంచి ఒక కబురొచ్చింది. మన మ్యాచ్ ఇక్కడ పెట్టడానికి వీల్లేదట."

కారణం ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను. మంచం దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

నాన్న చెంచా కాసేపు గిన్నెలో తిప్పాడు.

"హాలు చిన్నదనా?" అన్నాడు.

"అవును. హాలు చిన్నదని."

"నిజమే. రెండు గజాలు తక్కువే. మనకి ముందునుంచీ తెలుసు." సూపు తాగాడు. "రెండూ వాళ్ల ఊళ్లోనేనా?"

"అవును."

"రెండో రోజు ఇంటివాళ్లం మనమే అయితే. ఆ రోజు స్వాగతం మనమే చెప్పాలి."

నమ్మాడు. ఇన్నాళ్లకు నాకు సరిగ్గా నిద్రపడుతుంది.

అత్త మాత్రం వంటింట్లో గిన్నెలు కడుగుతూ, "ఆ కోటు మళ్లీ పెట్టెలో పెట్టమన్నాడే" అంది.

మార్చి 1, శుక్రవారం

పాస్‌పోర్టుల గురించి జర్మన్లకు ఉత్తరం. నాన్న సంతకం పెట్టాడు, చాలాసేపు పట్టింది. కాపీ మీద ఎర్ర పెన్సిలుతో 42 వేశాడు. జనవరిలో వేసిన చివరిది 40. నేను దిద్దలేదు. జబ్బు మనిషి, లెక్క తప్పుతుంది.

మార్చి 21, గురువారం

రేపు తెల్లవారగానే బస్సు. నాన్న కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఈసారి బంక నేను కాచాను.

"మంట తగ్గించు. ఇంకా. వేలితో చూడు, దారం సాగాలి."

సాగింది.

డబ్బా మూత బిగించి నాకిచ్చాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి కూడా ఇచ్చాడు. "ఆదివారం ఆటకి ముందు ఇది చదువు. మైకులో చదవాలి. సిగ్గుపడకు."

"సిల్వెస్త్రే గారు చదువుతారు నాన్నా."

"నువ్వే చదవాలి."

దిద్దాలా అని అడిగాను. అక్కర్లేదన్నాడు.

మార్చి 23, శనివారం

15-27. ఆ హాల్లో మా ఊరంతా పట్టి, ఇంకా చోటు మిగులుతుంది. కార్మెలో భోజనం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు. గోల్‌కీపర్ ఇసిద్రో మాత్రం, "రేపు మన ఇంట్లో ఆట కదరా, రేపు చూద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు, కానీ తలెత్తలేదు.

మార్చి 24, ఆదివారం

స్కోరు బోర్డు మీద మా పేరు ముందు, వాళ్ల పేరు తరవాత వేశారు. ఈరోజు ఇంటివాళ్లం మేము. గుర్తు పట్టడానికి అదొక్కటే.

బంక డబ్బా నా ఒళ్లో పెట్టుకుని బల్ల దగ్గర ఎడమ చివర కూర్చున్నాను. మావాళ్లు వరసగా వచ్చి వేళ్లు ముంచుకున్నారు. కార్మెలో వేలు వాసన చూసుకుని, "మామ కాచింది కాదే ఇది" అన్నాడు.

"నేను కాచాను."

"పర్లేదు. అంటుకుంటోంది."

మైకు ఇచ్చారు. కాగితం విప్పాను. వాక్యాలు వణుకుతూ ఉన్నాయి, పైనుంచి కిందికి జారుతున్నాయి. కానీ తప్పు ఒక్కటీ లేదు.

'అతిథులకు నమస్కారం. మీరు మా ఇంటికి వచ్చారు. మా హాలు చిన్నది. మావాళ్లు మరీ గట్టిగా అరుస్తారు, మన్నించండి. నదికి అవతల కిటికీల దాకా వినిపిస్తుంది. ఆట అయ్యాక భోజనం మాతోనే.'

'అరుస్తారు' అన్న చోట ఆగాను. ఆ హాల్లో మావైపు అరిచేవాళ్లు ఎవరూ లేరు. అయిదారు వేలమంది జర్మన్లు మర్యాదగా నిశ్శబ్దంగా ఉన్నారు. వాళ్లకి ఫ్రెంచి తెలియదు. చివర్లో చప్పట్లు కొట్టారు.

గెలిచాం, 20-19. రెండు ఆటలూ కలిపితే పదకొండు గోల్స్ తక్కువ. ఆఖరి గోల్ కొట్టాక కార్మెలో నా బల్ల వైపు తిరిగి చెయ్యెత్తాడు. నాకోసం కాదని తెలుసు.

మార్చి 26, మంగళవారం

ఇంటికొచ్చాం. నాన్న స్కోరు అడిగి, "ఇంట్లో గెలిచాం అయితే" అన్నాడు. స్వాగతం చదివావా అని అడిగాడు. చదివానన్నాను. ఎవరికైనా అర్థమైందా అన్నాడు.

"నాకు అర్థమైంది" అన్నాను. అలా ఎందుకు అన్నానో తెలియదు.

అత్త నన్ను వంటింట్లోకి లాగింది. "ఆదివారం కళ్లల్లో నీళ్లు కారేంత చలిగాలి. కిటికీ తియ్యమన్నాడు. ఎందుకురా, హాలుకి తాళం వేసి ఉంది, అక్కడ పిల్లి కూడా లేదు అన్నాను. తియ్యవే అక్కా అన్నాడు. గంటంపావు అలాగే కూర్చున్నాడు. కాగితం, పెన్సిలు ఒళ్లో పెట్టుకుని."

"ఏమైనా గీశాడా?"

"ఏం గీస్తాడే? ఏం వినబడిందని?"

ఏప్రిల్ 16, మంగళవారం

నాన్న పొద్దున ఆరుంపావుకి పోయాడు.

ఏప్రిల్ 17, బుధవారం

జట్టంతా ఆట సాధన మధ్యలోంచి నేరుగా ఇంటికి వచ్చారు. నలుగురు శవపేటిక మోశారు. మూడంతస్తులూ జాగ్రత్తగా, ఎక్కడా ఆగకుండా దించారు. కార్మెలో ముందువైపు పట్టుకున్నాడు. కింద గుమ్మం దగ్గర ఒక్కసారి నా వైపు చూశాడు. అప్పుడనుకున్నట్టే మోశాడు కదా.

తరవాత ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఒక్కరూ చేతులు కడుక్కోలేదు. ఇంటికొచ్చేసరికి నా కుడి చెయ్యి బంకతో మూసుకుపోయింది. అత్త నూనె రాసి ఒక్కో వేలే విప్పింది.

సిల్వెస్త్రే గారు కూడా వచ్చారు. "మీ నాన్నకి చెబుదామనే అనుకున్నానమ్మా" అన్నారు. నేను తలూపాను.

ఏప్రిల్ 28, ఆదివారం

కొత్త కార్యదర్శికి అప్పగించాలని ఫైలు అడిగారు. మంచం కింద పెట్టె లాగాను. వరస సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసి ఇద్దామనుకున్నాను. 38, 39, 40. తరవాత 42 ఉంటుందనుకుని, ఎలా దిద్దాలా అని ఆలోచిస్తూ పేజీ తిప్పాను.

41 ఉంది.

ఫిబ్రవరి 8 తేదీ ఉత్తరం, కార్బన్ కాపీ. రెండు మ్యాచ్‌లూ మీ హాల్లో ఆడడానికి మా క్లబ్బుకు సమ్మతమే అని, నా ఫ్రెంచిలో. నిఘంటువులో పెట్టిన మడత గీత అలాగే ఉంది. దాన్ని చదును చేసి, పక్కన రెండు రంధ్రాలు వేసి, ఉండవలసిన చోట పెట్టాడు. కుడిపక్క ఎర్ర పెన్సిలుతో నంబరు వేశాడు. నాలుగూ వణికింది, ఒకటీ వణికింది.

ఫిబ్రవరి 15 నాటికే ఆయనకు తెలుసు. హాలు చిన్నదనా అని అడిగినప్పుడు తెలుసు. బంకలో దారం సాగాలి అని చెబుతున్నప్పుడు తెలుసు.

అత్త పిలుస్తోంది, పాలు పొంగుతున్నాయని. ఫైలు కట్టేస్తాను. కట్టే ముందు ఇదొక్కటి రాయాలి.

ఆ కాపీ కింద కార్యదర్శి సంతకం ఉంది. వెనాన్సియో ఒలాబారియా. అక్టోబరు నుంచి నాన్న పెట్టిన సంతకాలన్నీ వణికాయి. ఇదొక్కటే వణకలేదు. ఇది నేను పెట్టింది.